పిల్లి చెవిలో నల్లి

స్కూటర్ కింద దొరికిన కూన ఇంటికొచ్చింది. వారం తిరక్కుండానే చెవి గోక్కోవడం మొదలుపెట్టింది. జబ్బు చిన్నదే, మందూ ఉంది. అయినా ఎన్నో కూనలు చెవులు పాడుచేసుకుంటున్నాయి. ఎందుకు?

రాత్రి రెండు దాటింది. హాల్లోంచి టక్ టక్ టక్ మని చప్పుడు. ఎవరో తలుపు కొడుతున్నారనుకుని ఇంటాయన లేచి లైటు వేశాడు. తలుపు దగ్గర ఎవరూ లేరు. సోఫా పక్కన టైల్స్ మీద బూందీ కూర్చుని ఉంది. అరచేతిలో ఇమిడిపోయేంత పిల్లికూన. వెనక కాలెత్తి కుడి చెవి గోక్కుంటోంది. గోక్కున్నప్పుడల్లా ఆ కాలి మడమ నేలకు తగిలి చప్పుడవుతోంది. కాసేపు ఆగి తల విదిలించింది. మళ్లీ గోకుడు. గోకీ గోకీ చివరికి 'మ్యావ్' మని ఓ ఏడుపు.

"నాన్నా, బూందీకి చెవిపోటా?" నిద్రకళ్లతో వచ్చిన రెండో తరగతి పాప అడిగింది. సెల్లార్ పార్కింగ్‌లో స్కూటర్ కింద దొరికిన ఆ కూనను బతిమాలి, మారాం చేసి ఇంటికి తెచ్చుకున్నది తనే.

తెల్లారేసరికి ఇంట్లో వైద్యులు ఎక్కువైపోయారు. "కొబ్బరినూనె వెచ్చచేసి రెండు చుక్కలు పొయ్యరా, అదే తగ్గుతుంది" అంది నాయనమ్మ. "వదినా, మా టామీకి తెచ్చిన మందు సగం మిగిలిపోయింది, ఇవ్వమంటావా?" అని ఎదురింటావిడ. కాలనీ వాట్సాప్ గ్రూపులో ఒకరు వెల్లుల్లి రసమన్నారు, ఇంకొకరు వేపనూనె అన్నారు. ఈ సలహాలన్నీ వింటూనే పాప వాళ్లమ్మ ఫోన్ టార్చి వేసి బూందీ చెవి డొప్ప వెనక్కి తిప్పి చూసింది. లోపలంతా నల్లగా, పొడిపొడిగా, ఫిల్టర్ అడుగున మిగిలిన కాఫీ పిప్పిలా పేరుకుపోయి ఉంది.

ఇల్లు ఏదైనా సీను ఇదే. వీధి కుక్కల మీద 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాల తర్వాత దేశమంతా కుక్కల గురించి మాట్లాడుతోంది. టీవీ చర్చల్లో, అపార్ట్‌మెంట్ సంఘాల సమావేశాల్లో అదే గోల. ఆ గోలలో పిల్లి ఊసే ఎవరికీ లేదు. పిల్లి మాత్రం చడీచప్పుడూ లేకుండా ఇళ్లలోకి వచ్చేసింది. వాకింగ్‌కు తీసుకెళ్లక్కర్లేదు, మొరిగి పొరుగువాళ్లను లేపదు, రెండు గదుల ఫ్లాట్‌లోనూ సర్దుకుపోతుంది. పైగా కొనే పనే లేదు. మెట్ల కింద, మీటర్ల గదిలో, కార్ల నీడన దొరుకుతుంది. అలా దొరికిన కూన చాలాసార్లు ఒంటరిగా రాదు. చెవుల్లో ఒక సంసారాన్ని మోసుకొస్తుంది.

ఎవరీ నల్లి?

మిరప తోటలో ఆకు ముడిపించే నల్లి రైతుకు కొత్త కాదు. కోనసీమలో కొబ్బరికాయ మీద మచ్చలు తెచ్చే నల్లీ తెలిసిందే. పిల్లి చెవిలో ఉండేది కూడా ఆ విశాల కుటుంబంలోదే. సాలీడుకీ, తేలుకీ, గేదె పొదుగు పట్టుకుని వేలాడే గోమారికీ దూరపు చుట్టం. శాస్త్రవేత్తలు పెట్టిన పేరు ఓటోడెక్టిస్ సైనోటిస్. 1838లో హెరింగ్ అనే జర్మన్ పశువైద్యుడు దీన్ని వర్ణించాడు. ఆయన చూసింది కుక్క చెవిలో. అందుకే పేరులో కుక్క ఉంది గానీ, దీనికి అసలు పుట్టిల్లు పిల్లి చెవే. పిల్లులకొచ్చే చెవి జబ్బుల్లో సగానికి పైగా దీని పనేనని పశువైద్య గ్రంథాలు చెబుతాయి. కుక్కల్లో ఆ వాటా చాలా తక్కువ.

గజ్జి పురుగు చర్మాన్ని తొలుచుకుని లోపలికి పోతుంది. చెవి నల్లి అలా తొలవదు. చెవి గొట్టంలో చర్మం మీదే తిరుగుతూ, రాలిన చర్మపు పొట్టునూ ఊరే ద్రవాన్నీ తిని బతుకుతుంది. అది పాకుతుంటే, కొరుకుతుంటే చర్మం రేగి, గులిమి విపరీతంగా ఊరుతుంది. ఆ గులిమి, ఆరిన రక్తం, నల్లి విసర్జన అన్నీ కలిసినదే ఆ నల్లటి పొడి.

[బాక్స్] నల్లి జాతకం
పరిమాణం: అర మిల్లీమీటరు లోపే. నల్ల కాగితం మీద దులిపి మంచి వెలుతురులో చూస్తే తెల్ల చుక్కలు కదులుతున్నట్టు కనిపించవచ్చు.
కాళ్లు: గుడ్డులోంచి వచ్చినప్పుడు ఆరు, పెద్దయ్యాక ఎనిమిది.
గుడ్డు పొదగడానికి: సుమారు నాలుగు రోజులు.
గుడ్డు నుంచి గుడ్డు పెట్టే వయసు దాకా: మూడు వారాలు.
ఆయుష్షు: పెద్ద నల్లి రెండు నెలల దాకా.
చెవి బయట: కొన్ని రోజులకు మించి నిలవడం కష్టం. చల్లగా, తేమగా ఉంటే ఇంకొంచెం ఎక్కువ.

ఈ జాతకంలో గుర్తుపెట్టుకోవాల్సింది ఆ మూడు వారాల లెక్క. వైద్యం ఎందుకు విఫలమవుతుందో దాంట్లోనే ఉంది. దాని సంగతికి తర్వాత వద్దాం.

ఏడిళ్లు తిప్పే తల్లి

పిల్లి తన పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందంటారు. మెడ పట్టుకుని నోట కరుచుకుని అటకల మీదికీ, గోడల సందుల్లోకీ మారుస్తూనే ఉంటుంది. వైష్ణవ పెద్దలు శరణాగతికి మార్జాల కిశోర న్యాయాన్ని ఉదాహరణగా చెప్పింది తల్లి మీద కూనకున్న నమ్మకాన్ని చూసే. తల్లి ఎక్కడికి తీసుకెళ్తే అక్కడికి, చేతులు కాళ్లు వదిలేసి వేలాడుతుంది కూన. ఆ తల్లి ఒంటిని కరుచుకుని పాలు తాగుతున్నప్పుడు, తోబుట్టువుల మీద పడి నిద్రపోతున్నప్పుడు నల్లి ఒక చెవి నుంచి ఇంకో చెవికి మారిపోతుంది. దానికి ఎగరడం రాదు, గెంతడం రాదు. ఒళ్లూ ఒళ్లూ తగిలితే చాలు.

పుట్టినప్పుడు కూన కళ్లే కాదు, చెవులూ మూసుకునే ఉంటాయి. మొదటి రెండు వారాల్లో తెరుచుకుంటాయి. ఆ గొట్టం తెరుచుకునేసరికి తల్లి దగ్గర నల్లి సిద్ధంగా ఉంటుంది. విచిత్రమేమిటంటే తల్లి పెద్దగా గోక్కోకపోవచ్చు. కొన్ని పిల్లులు చెవి నిండా నల్లి పెట్టుకునీ నిమ్మళంగా తిరుగుతాయి. కొన్నింటికి నాలుగైదు నల్లులున్నా ఒళ్లు తెలియనంత దురద. అది వాటి ఒంటితత్వం. అందుకే "పెద్ద పిల్లి బాగానే ఉంది, చిన్నదానికే జబ్బు" అని ఒకదానికే మందు వేసే ఇంట్లో జబ్బు తిరగబెడుతుంది.

రాత్రి రెండింటికి ఏం జరుగుతుంది?

పిల్లి చెప్పలేదు కాబట్టి ఈ బాధ ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి ఒక మనిషి పూనుకున్నాడు. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రం వెస్ట్‌పోర్ట్‌లో పశువైద్యం చేసిన రాబర్ట్ లోపెజ్ దగ్గరికి ఓ ఇల్లాలు రెండు పిల్లుల్ని తీసుకొచ్చింది. వాటి చెవుల నిండా నల్లి. ఆ ఇంట్లో చిన్న పాపకూ ఒళ్లు దురద పెడుతోందని చెప్పింది. ఇది మనుషులకూ అంటుతుందా అని లోపెజ్‌కు సందేహం వచ్చింది. పుస్తకాలు తిరగేశాక ఆయన చేసిన పని ఏ పుస్తకంలోనూ లేదు. పిల్లి చెవిలోని మురికిని తీసి తన చెవిలోనే వేసుకున్నాడు.

వెంటనే లోపల గీరుతున్న చప్పుడు, పాకుతున్న చప్పుడు వినిపించాయట. దురద, నొప్పి. పగలు కాస్త ఊరట, అర్ధరాత్రి దాటాక మాత్రం నల్లులు విజృంభించి నిద్రలేకుండా చేశాయట. కొన్ని వారాలకు అవి చచ్చిపోయి చెవి బాగుపడింది. అక్కడితో ఆపలేదాయన. అనుమానం తీరక రెండోసారి, మూడోసారి కూడా వేసుకున్నాడు. ప్రతిసారీ బాధ తగ్గుతూ వచ్చింది, ఒంటికి కొంత నిరోధం వచ్చిందన్నమాట. ఈ అనుభవాన్ని 1993లో అమెరికా పశువైద్య సంఘం పత్రికలో రాశాడు. మరుసటి ఏడాది ఆయనకు ఇగ్ నోబెల్ బహుమతి వచ్చింది, కీటకశాస్త్రంలో. ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే బహుమతి అది. నవ్వు సంగతి అలా ఉంచితే, నడిరాత్రి కూన ఎందుకు లేచి గోక్కుంటుందో చెప్పిన ఒకే ఒక్క సాక్షి ఆయన. పిల్లి చెవి మనిషి చెవికన్నా నాలుగింతల పై స్థాయి ధ్వనుల్ని, 85 వేల హెర్ట్జ్ దాకా, పట్టగలదు. గోడ అవతల ఎలుక కిచకిచను వినే చెవిలోనే ఆ గీరుడు జరుగుతుంటే దాని పరిస్థితి ఏమిటో ఊహించుకోవచ్చు.

మనుషుల సంగతి అడిగేవాళ్లకు: నల్లి మన చెవుల్లో కాపురం పెట్టడం బహు అరుదు. కూనను ఒళ్లో పెట్టుకున్నవాళ్లకు చేతుల మీదో, పొట్ట మీదో కొన్నాళ్లు ఎర్రటి దద్దుర్లు రావచ్చు. పిల్లికి తగ్గితే అవీ పోతాయి. ఈ భయంతో కూనను మళ్లీ పార్కింగ్‌లో వదిలేయాల్సిన పనేమీ లేదు.

టార్చి వేసి చూస్తే

ఆరోగ్యంగా ఉన్న పిల్లి చెవి లేత గులాబీ రంగులో, శుభ్రంగా ఉంటుంది. కొంచెం గోధుమరంగు గులిమి ఉన్నా కంగారు లేదు. వాసన ఉండదు. నల్లి పట్టిన చెవిలో ఆ నల్లటి పొడి రెండు వైపులా కనిపించడం మామూలు. చెవి వెనక బొచ్చు ఊడి, గోళ్ల గాట్లు పడి, పక్కు కట్టి ఉంటుంది. కూన తరచూ తల విదిలిస్తుంది, చెవుల్ని పక్కకు వాల్చి ఉంచుతుంది, చెవి ముట్టుకోబోతే తప్పించుకుంటుంది. డాక్టర్లు ఓ చిట్కా వాడతారు. చెవి లోపల దూదితో మెల్లగా తాకగానే ఆ వైపు వెనక కాలు తనంతట తనే గాల్లో గోకడం మొదలెడుతుంది.

తోక చివర కూడా చూడాలి. పిల్లి ముడుచుకుని పడుకున్నప్పుడు తోక చెవి దగ్గరికి వస్తుంది. చెవిలోంచి బయటికొచ్చిన నల్లి తోక మీద, మెడ మీద కాపురం పెడుతుంది. చెవిలో మాత్రమే మందు వేస్తే ఈ బయటి కాపురాలు మిగిలిపోతాయి.

అయితే ఇవన్నీ అనుమానాలే, నిర్ధారణకు మైక్రోస్కోపు కావాలి. చెవిలోని మురికిని కాస్త తీసి, గాజు పలక మీద ఓ చుక్క లిక్విడ్ పారఫిన్‌లో కలిపి తక్కువ పవర్‌లో చూస్తే ఎనిమిది కాళ్లతో ఈదుతున్న నల్లి కనిపిస్తుంది. నిమిషాల పని. ఇక్కడే నా గట్టి అభిప్రాయం ఒకటి చెప్పాలి. మురికిని మైక్రోస్కోపు కింద చూడకుండా, చెవిలోకి ఆటోస్కోపు పెట్టకుండా దూరం నుంచే చూసి చుక్కల మందు రాసిచ్చే చోట రెండోసారి అడుగుపెట్టక్కర్లేదు.

[బాక్స్] నలుపంతా నల్లి కాదు
తడిగా, గోధుమరంగులో, పులిసిన వాసనతో ఉంటే ఈస్ట్ అయి ఉండవచ్చు. పసుపుపచ్చగా చీము కారి దుర్వాసన వస్తే బాక్టీరియా. చెవి అంచుల మీద మొదలై ముఖం మీదికి పాకే మందపాటి పక్కు పిల్లి గజ్జిది, ఆ పురుగు వేరు. గుండ్రంగా బొచ్చు ఊడి పొట్టు లేస్తే తామర, అది మనుషులకూ అంటుతుంది. ఒక్క చెవిలోనే జబ్బు తిరగబెడుతుంటే లోపల కండ పెరిగిందేమో చూడాలి. పిల్లి గజ్జికి తప్ప వీటిలో దేనికీ నల్లి మందు పనిచేయదు. ఒకే చెవిలో రెండు మూడు కలిసి ఉండడమూ మామూలే.

దూది పుల్ల, వెల్లుల్లి, టామీ మందు

ఈ జబ్బులో అసలు నష్టం చేసేది నల్లి కన్నా మన తొందరే. ముందుగా దూది పుల్ల. పిల్లి చెవి గొట్టం తిన్నగా ఉండదు. పైనుంచి నిలువుగా దిగి, అడుగున తలలోపలికి మలుపు తిరుగుతుంది. కర్ణభేరి ఆ మలుపు అవతల ఉంటుంది. దూది పుల్ల పెట్టి తిప్పామంటే సగం మురికి పుల్లకు అంటుకుంటుంది, మిగతా సగం మలుపు దగ్గర గట్టిగా దట్టించుకుపోతుంది. కూన ఒక్కసారి తల విదిలిస్తే పుల్ల కర్ణభేరికి తగలొచ్చు.

కొబ్బరినూనె విషం కాదు. కొన్ని నల్లులకు ఊపిరాడకుండా చేసి చంపుతుంది కూడా. రెండు రోజులు దురద తగ్గితే నాయనమ్మ గెలిచినట్టే కనిపిస్తుంది. కానీ గుడ్లు అలాగే ఉంటాయి, తోక మీది నల్లి అలాగే ఉంటుంది. పైగా చెవి లోపల జిడ్డూ తేమా నిలిచి ఈస్ట్‌కు అనువైన చోటు తయారవుతుంది. వెల్లుల్లి అలా కాదు. రేగిన చర్మాన్ని మండిస్తుంది. పిల్లి దాన్ని కాలితో గోకి, ఆ కాలిని నాకుతుంది. వెల్లుల్లి, ఉల్లి పిల్లి రక్తంలోని ఎర్రకణాలను దెబ్బతీస్తాయి. హైడ్రోజన్ పెరాక్సైడ్ నురగ చూడ్డానికి శుభ్రమవుతున్నట్టే ఉంటుంది, పుండు మీద పడితే కూన చేసే గోల వేరు. టీ ట్రీ ఆయిల్‌ను 'సహజం' అని ఆన్‌లైన్‌లో అమ్ముతారు. పిల్లికి అది విషం.

ఇక ఎదురింటి టామీ మందు. కుక్కల మెడ మీద వేసే కొన్ని మందుల్లో పెర్మెత్రిన్ ఉంటుంది. కుక్క దాన్ని తట్టుకుంటుంది, పిల్లి తట్టుకోలేదు. వణుకు, మూర్ఛలు, మరణం. మనుషుల, కుక్కల కాలేయాలు కొన్ని రసాయనాలను విరిచి బయటికి పంపే పనిని సులువుగా చేస్తాయి. పిల్లి కాలేయానికి ఆ సామర్థ్యం చాలా తక్కువ. జ్వరమొచ్చిందని మనం వేసుకునే పారాసెటమాల్ మాత్ర ఒక్కటి పిల్లిని చంపగలగడానికి కారణం అదే. పల్లెల్లో గేదెల గోమార్లకు నీళ్లలో కలిపి రుద్దే డెల్టామెత్రిన్ కూడా పెర్మెత్రిన్ వంశంలోదే. అమిట్రాజ్ కూడా పిల్లి దగ్గరికి రానివ్వకూడని మందే.

ఇంకో ప్రమాదం చదువుకున్నవాళ్ల వల్ల వస్తుంది. ఐవర్‌మెక్టిన్ పనిచేస్తుందని ఎక్కడో చదివి, గొర్రెలకూ గేదెలకూ వేసే ఒక శాతం ఇంజెక్షన్ సీసా తెస్తారు. అందులో మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. మామూలుగా వాడే మోతాదు కిలో బరువుకు 0.2 మిల్లీగ్రాములు అనుకుందాం. ఏడు వందల గ్రాముల కూనకు కావాల్సింది 0.14 మిల్లీగ్రాములు. సిరంజి చివర నుంచి జారే ఒక్క చుక్క 0.05 మిల్లీలీటర్లనుకున్నా అందులో అర మిల్లీగ్రాము ఉంటుంది. అంటే ఒక్క చుక్కే మూడున్నర రెట్లు. గేదె కోసం తయారైన సీసాలో కూనకు తగిన మోతాదు కొలవడం ఇంట్లో అయ్యే పని కాదు.

పాత చెవి చుక్కలదీ ఇదే కథ. ఇంట్లో మిగిలిన సీసాలో జెంటామైసిన్ వంటి యాంటీబయోటిక్ ఉండి, లోపల కర్ణభేరి అప్పటికే చిరిగి ఉంటే మందు నేరుగా లోపలి చెవికి చేరుతుంది. వినికిడి పోవచ్చు. తల ఒక పక్కకు వాల్చి, గుండ్రంగా తిరుగుతూ పడిపోవచ్చు.

అలాగని ఏమీ చేయకుండా కూర్చోవడమూ తప్పే. గోకుడు, విదిలింపు ఆగకపోతే చెవి డొప్పలో సన్నని రక్తనాళాలు చిట్లుతాయి. చర్మానికీ మృదులాస్థికీ మధ్య రక్తం చేరి డొప్ప ఉబ్బుతుంది. దానికి ఆపరేషన్ కావాల్సి రావచ్చు. వదిలేస్తే ఎండి, డొప్ప ముడుచుకుపోయి జన్మంతా అలాగే ఉండిపోతుంది. వీధుల్లో ముడుచుకున్న చెవితో తిరిగే పెద్ద పిల్లుల్లో కొన్నింటి వెనక ఎప్పుడో పట్టిన నల్లి ఉంటుంది.

జపాన్ మట్టిలోంచి వచ్చిన మందు

మన తాతల కాలంలో లేని వైద్యం ఇప్పుడుంది. జపాన్‌లో ఇటో పట్టణం కవానా దగ్గర ఓ గోల్ఫ్ మైదానం పక్కన తీసిన మట్టిలో సతోషి ఒమురా ఒక సూక్ష్మజీవిని కనిపెట్టాడు. అమెరికాలో మెర్క్ కంపెనీలో విలియం క్యాంప్‌బెల్ దానిలోంచి పరాన్నజీవులను చంపే పదార్థాన్ని పట్టుకున్నాడు. ఐవర్‌మెక్టిన్ కుటుంబం పుట్టింది అలా. కోవిడ్ రోజుల్లో జనం మెడికల్ షాపుల చుట్టూ తిరిగి అడిగిన ఐవర్‌మెక్టిన్ ఇదే. 2015లో వాళ్లిద్దరికీ వైద్యశాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఇగ్ నోబెల్ కాదు, అసలుదే.

ఆ వంశంలోదే సెలమెక్టిన్. 1999లో అమెరికాలో అనుమతి పొందింది. ఎనిమిది వారాలు నిండిన కూనలకు వేయవచ్చు. రెండున్నర కిలోల లోపు బరువువాటికి చిన్న ట్యూబు వేరుగా వస్తుంది. మెడ వెనక, కూన నాలుక అందని చోట, బొచ్చు పాయదీసి చర్మం మీద పిండాలి. మందు చర్మంలోంచి రక్తంలోకి వెళ్లి చెవికి చేరుతుంది. అక్కడ తిండికోసం కొరికిన నల్లి నరాలు చచ్చుబడి చనిపోతుంది. మాక్సిడెక్టిన్, ఇమిడాక్లోప్రిడ్ కలిసిన మందు కూడా ఉంది, తొమ్మిది వారాలు నిండాలి. పత్తి రైతులు ఇమిడాక్లోప్రిడ్ పేరు విని ఉంటారు. పొలం డబ్బాలోది మాత్రం ఇంట్లోకి తేకూడదు, అది వేరే గాఢత, వేరే తయారీ.

ఇప్పుడు ఆ మూడు వారాల లెక్క. చెవిలో వేసే పాత తరహా చుక్కలు పెద్ద నల్లిని చంపుతాయి, గుడ్లను చాలావరకు వదిలేస్తాయి. వారంలో దురద తగ్గుతుంది. ఇంటివాళ్లు సీసా మూత పెట్టేస్తారు. అప్పటికి గుడ్లు పొదిగి కొత్త తరం బయలుదేరుతుంది. నెల తిరిగేసరికి "మందు పనిచేయలేదు" అంటారు. పనిచేసింది, పూర్తిగా వాడలేదంతే. మెడ మీద వేసే మందు ప్రభావం కొన్ని వారాలు నిలుస్తుంది కాబట్టి కొత్తగా పొదిగినవి కూడా దొరికిపోతాయి. నెలకు రెండో మోతాదు అవసరమా లేదా అన్నది మళ్లీ మురికిని మైక్రోస్కోపు కింద చూసి డాక్టరు చెప్పాలి.

ఎనిమిది వారాలు నిండని కూనల సంగతి సున్నితమైనది. వయసు తెలియని వీధి కూన అయితే వంటింటి త్రాసు మీద కూర్చోబెట్టండి. మామూలుగా పెరిగిన కూన నెలకు సుమారు 450 గ్రాముల చొప్పున, రెండు నెలలకు 900 గ్రాముల దాకా ఉంటుంది. తిండిలేక చిక్కినదైతే ఈ లెక్క తప్పుతుంది కాబట్టి పళ్లు చూసి డాక్టరు చెప్పే వయసే ఖాయం. ఎనిమిది వారాలకన్నా చిన్నదైతే చెవుల శుభ్రత, తల్లికి వైద్యం, కొన్ని ప్రత్యేకమైన చెవి మందులు. ఏది కావాలన్నా డాక్టరు చేతి మీదుగానే.

ఇంట్లో ఉన్న ప్రతి పిల్లికీ, ప్రతి కుక్కకీ ఒకే రోజు మందు పడాలి. దేనికి తగిన మందు దానికి. గోక్కోని వాటికి కూడా. పడుకునే గుడ్డలు వేడినీళ్లలో ఉతికి మన ఎండలో ఆరేస్తే చాలు, ఇల్లంతా పురుగుమందు కొట్టక్కర్లేదు.

చెవి కడగడం

నల్లి చచ్చినా మురికి మిగిలే ఉంటుంది. అది ఉన్నంతకాలం దురదా ఉంటుంది. కర్ణభేరి బాగుందని డాక్టరు చెప్పాకే ఈ పని మొదలెట్టాలి. పాత తువ్వాలు తీసుకుని కూనను మెడ దాకా చుట్టాలి, నాలుగు కాళ్లూ లోపలే. పిల్లుల కోసం తయారైన చెవి ద్రావణం సీసాను కాసేపు అరచేతుల్లో పెట్టుకుని వెచ్చబరచాలి. చల్లటి ద్రావణం చెవిలో పడితే కళ్లు తిరుగుతాయి. చెవి డొప్పను పైకి పట్టుకుని డాక్టరు చెప్పినన్ని చుక్కలు వేసి, చెవి మొదట్లో బయటి నుంచి మెల్లగా మర్దనా చేయాలి. పచ్ పచ్ మని చప్పుడు వస్తుంది. అప్పుడు వదిలేసి రెండడుగులు వెనక్కి వెళ్లాలి. కూన తల విదిలిస్తుంది, లోపలి మురికి గోడ మీదా మీ చొక్కా మీదా పడుతుంది. పైకొచ్చినదాన్ని దూదితో తుడవాలి, వేలు ఎంత లోపలికి పోతే అంతవరకే. తర్వాత ఓ ముక్క ఉడికిన చికెన్. ఇది మానొద్దు, రేపు మళ్లీ పట్టుకోవాలిగా.

వీధి కూన కరిచినా, రక్కినా వెంటనే ఆ చోటును సబ్బుతో, ధారగా పడే నీటి కింద 15 నిమిషాలు కడిగి అదే రోజు ఆసుపత్రికి వెళ్లి రేబిస్ టీకా గురించి అడగాలి. "చిన్నదే కదా" అనుకోవద్దు. పిల్లి వల్ల కూడా రేబిస్ వస్తుంది.

[బాక్స్] ఎక్కడికి వెళ్లాలి?
పశువుల ఆసుపత్రి అంటే గేదెలకే అనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. కుక్కలూ పిల్లులూ కూడా వెళ్లొచ్చు. వెటర్నరీ కళాశాలలకు అనుబంధంగా బోధనాసుపత్రులు ఉంటాయి. తెలంగాణలో రాజేంద్రనగర్, కోరుట్ల, మామునూరు; ఆంధ్రప్రదేశ్‌లో తిరుపతి, గన్నవరం, ప్రొద్దుటూరు, గరివిడిల్లో ఈ కళాశాలలు ఉన్నాయి. హైదరాబాద్ నారాయణగూడలో ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల ఉంది. ప్రైవేటు క్లినిక్ అయితే వెళ్లేముందు ఫోన్ చేసి రెండే అడగండి: ఆటోస్కోపు ఉందా, మైక్రోస్కోపు ఉందా?

కింద మిగిలిన తల్లి

ఇంటికి తెచ్చుకున్న కూనకు నయం చేశాం. మరి సెల్లార్‌లో ఉన్న తల్లి? ఆడపిల్లి నాలుగైదు నెలలకే చూలు మోయగలదు. రెండు నెలల్లో ఈనుతుంది. మళ్లీ చూలు, మళ్లీ ఈత. ప్రతి ఈతలో మూడో నాలుగో కూనలు, ప్రతి కూన చెవిలో అదే నల్లి. వాటిలో ఒకటి మళ్లీ ఎవరి ఇంటికో వెళ్తుంది, ఆ ఇంట్లో మళ్లీ వెల్లుల్లి, మళ్లీ టామీ మందు. ఒక్క తల్లిని బోనులో పట్టి కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించి, అదే మత్తులో చెవులు కడిగి, మెడ మీద మందు వేసి, రేబిస్ టీకా ఇచ్చి వదిలితే అపార్ట్‌మెంట్ మొత్తానికి సమస్య సగం తీరుతుంది. సంఘం నిధి నుంచి లిఫ్టుకూ జనరేటర్‌కూ ఖర్చు పెడుతున్నప్పుడు దీనికీ కొంత పక్కన పెట్టొచ్చు. కుక్కల గురించి మాట్లాడుకోవడానికి పెట్టే సమావేశంలోనే ఈ మాటా ఎత్తొచ్చు.

ఇంట్లో పిల్లి ఉన్నవాళ్లు ఈ ఆదివారం దాన్ని ఒళ్లోకి తీసుకుని రెండు చెవులూ తిప్పి ఒకసారి చూడండి. నల్లటి పొడి కనిపిస్తే వంటింటి వైపు, ఎదురింటి వైపు చూడకండి. సోమవారం పొద్దున్నే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి, ఇంట్లో ఉన్న మిగతా పిల్లుల్నీ కుక్కల్నీ వెంటపెట్టుకుని.